బర్మావారి లోంజీ



మగవాడు లంగావంటి బట్టను నడుమునకు చుట్టుకొని కచేరీకిని, పెండ్లికిని, దేవాలయమునకును పోవుట యెట్లు సంభవించును? ఈ ప్రశ్న మీకు నవ్వు పుట్టింపవచ్చును. నాకును ఒకప్పుడు నవ్వే వచ్చినది. ఆ నవ్వువలన నేను చేసిన తప్పును ముందుగా మనవి చేసికొని, పిమ్మట విషయములోనికి వచ్చెదను.

1984వ సంవత్సరమున నేను విశాఖ సీమలోని యొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనై యుంటిని. బడులు తెఱచిన దినములు. క్రొత్త పిల్లలను చేర్చుకొను పని నాకు అప్పగింపబడినది. ఒక వృద్ధుడు మనుమని వెంటబెట్టుకొని వచ్చెను. తెల్లని చొక్కా, మెడవఱకు పెట్టిన గుండీలు, చంకలో గొడుగు, నడుమున వంగపండు వన్నెగల పట్టులుంగీ. చూడగానే నాకు చిఱ్ఱెత్తినది. “ఇది బడియా, మీ యింటి అరుగా? లుంగీతో రావచ్చునా? పోయి మంచిబట్ట కట్టుకొని రండి” అంటిని. ఆయన కొంతసేపు నిలువబడి, “బాబూ, ఇదే నా మంచి బట్టండి” అని మెల్లగా పలికి, పిల్లవాని చేయి పట్టుకొని వెడలిపోయెను.

మఱునాడు వచ్చినప్పుడు ఎవరియొద్దనో యెరువు తెచ్చిన పంట్లాము తొడిగికొని యుండెను. అది ఆయన నడుమునకు వదులై, పురికొసతో బిగింపబడి యున్నది. పిల్లవాడు నేలచూపు చూచుచుండెను. పత్రములు తెఱచి చూడగా బర్మా కాందిశీకుల ధ్రువపత్రము కనబడినది. ఆయన రంగములో పుట్టినవాడు. అక్కడనే ఉద్యోగము చేసినవాడు. మన ఉత్తరపు జిల్లాలలో రంగూను పట్టణమును రంగమందురని మీరెఱుగుదురు. ముందునాడు నేను వెడలగొట్టిన ఆ పట్టులుంగీ, ఆయన దేశములో పెండ్లికి కట్టుకొను బట్ట.

సిగ్గుపడితిని. కొన్నాళ్ళకు ఆయన యింటికి పోయి క్షమాపణము చెప్పుకొంటిని. ఆ పరిచయము పెక్కేండ్లు సాగినది. ఆయన చెప్పగా విన్నదియు, పిమ్మట గ్రంథములలో చదివినదియు కలిపి నేడు మీకు విన్నవించుచున్నాను.

నా తప్పునకు మూలము నా చదువులోనే కలదు. మన పెద్దలు పంచెకట్టును రెండు విధములుగా నెఱుగుదురు. కుచ్చెళ్ళు పోసి, ఒక చెఱగును కాళ్ళ నడుమనుండి వెనుకకు తీసి దోపునది గోచికట్టు. అట్లు తీయక నడుమునకు చుట్టి విడిచినది అడ్డపంచె. మొదటిది సభకు, రెండవది ఇంటికి. ధర్మశాస్త్రకారులు మఱియొక యడుగు ముందునకు వేసి, కచ్చ లేనివానిని నగ్నులలో లెక్కించిరి. బట్ట కట్టియే యున్నను వాడు కట్టనివానితో సమానుడని వారి మతము. గురువుల పాదములకడ నేను నేర్చినది ఈ విద్య. సరియే. కాని ఆ దినముననే పంట్లాములు తొడిగికొని వచ్చిన తండ్రులు పదుగురుండిరి. వారినెవరిని నేను అడ్డగింపలేదు. పంట్లామునకు కచ్చ యెక్కడ నున్నది? ఏ స్మృతిలో నున్నది? ఈ ప్రశ్న నాకప్పుడు తోచనే లేదు.

పంట్లాము పుట్టినది గుఱ్ఱపు వీపున. మధ్య ఆసియాలో తుర్ఫాను అను పల్లపుసీమ కలదు. అచ్చటి పురాతన సమాధులలో సుమారు మూడువేల యేండ్లనాటి ఉన్నిలాగులు దొరకినవి. ఇంతవఱకు దొరకిన లాగులలో ఇవియే మిక్కిలి పాతవి. రెండు కాళ్ళ గొట్టముల నడుమ వెడల్పుగా ఒక ముక్క పెట్టి, కాళ్ళు చాపి గుఱ్ఱముపై కూర్చుండుటకు వీలుగా అమర్చబడినవి. చీనాదేశమున చావో రాజ్యమును ఏలిన వూలింగు రాజు క్రీ. పూ. 307వ సంవత్సరమున, ఉత్తరదిక్కున గుఱ్ఱములపై తిరుగు అనాగరికుల దుస్తులను తన సైన్యమునకు తొడిగించెను. ఆయన బంధువులే, పెద్దలనాటి అంగీలను విడిచి పరుల బట్ట తొడుగుట యేమి యని వాదించిరట. రోమాపురమునందు ఇంకను చిత్రము. క్రీ. శ. 4వ శతాబ్ది తుదిలో అచ్చటి చక్రవర్తులు పట్టణములో లాగులు తొడుగరాదని శాసనమే చేసిరి. అది అనాగరికుల వేషమని వారి తలంపు.

గుఱ్ఱమెక్కని జనులకు, ఎండదేశములవారికి, నీటిలో నిలిచి వరి నాటువారికి చుట్టుబట్టయే అనువైనది. పూర్వము ఐగుప్తులో, గ్రీసులో, మనదేశములో, యవద్వీపములో మగవారు కట్టినది నేతబట్టయే గాని కుట్టిన లాగు కాదు. కావున మన ప్రశ్నను తిరుగవేసి అడుగవలసియున్నది. పంట్లాము లోకమంతట వ్యాపించిన ఈ నూటయేబది యేండ్లలో, ఒక దేశపు మగవారు దానిని కాదని చుట్టుబట్టతోనే యెట్లు నిలిచిరి?

నేడు మ్యాన్మారు అనబడు బర్మాదేశమున రాజులకాలమునందు మగవారు కట్టినది పసో. అది కుట్టినది కాదు. దాదాపు ముప్పదియడుగుల పొడవు గలది. నడుమునకు చుట్టగా మిగిలిన బట్టను ముందు కుచ్చుగా వ్రేలాడవిడిచెడువారు, లేదా భుజముపై వేసికొనెడువారు. పనిచేయునప్పుడు పైకి ఎగగట్టి, మన గోచివలె వెనుకకు దోపుకొనెడువారు. అట్లు ఎగగట్టినప్పుడు నడుమునుండి మోకాలివఱకు పొడిపించుకొన్న పచ్చబొట్లు కనబడుచుండెను. ఆ పచ్చబొట్లు లేనివానిని మగవానిగా నెంచకుండిరి. కాబట్టి ఆ దేశమున మగతనమునకు గుఱుతు బట్ట తీరున లేదు, తొడమీది పచ్చబొట్టులో నున్నది.

ఏ బట్టను ఎవరు కట్టవలెనో రాజశాసనము నిర్ణయించుచుండెను. లున్తయా అను పట్టు రాజకుటుంబమునకును, గొప్ప యధికారులకును చెల్లినది. లున్తయా యనగా నూఱు నాడెలని యర్థము. అలలవలె వంకరలు తిరుగు రంగుల రేఖలను మగ్గముపై తెచ్చుటకు అన్ని నాడెలను నడపవలయును. అమరపురము ఈ నేతకు పేరొందినది. ఆ ఊరి పేరు మన భాషవలెనే యున్నదని మీరు గమనించియే యుందురు. 1783లో బోదోపయ రాజు దానిని రాజధానిగా నిర్మించెను.

ఆంగ్లేయులు ఈ దేశమును మూడు యుద్ధములలో మ్రింగిరి. 1826లో సముద్రతీరపు భాగములు, 1852లో రంగూనుతో కూడ దిగువ బర్మా, 1885లో మిగిలినదంతయు వారి వశమయ్యెను. కడపటి రాజు తీబో మనదేశమునకే తేబడి రత్నగిరిలో ఉంచబడెను. రాజు పోగా వస్త్రశాసనములును పోయినవి. ముప్పదియడుగుల పసోను గూర్చి శాసించువారు లేరు. కొనుటకు సామాన్యునికి చాలినంత ధనమును లేదు. ఈ సమయమున తీరపట్టణములలో వేఱొక బట్ట కానవచ్చినది. రెండు గజములకు కొంచెము మీఱిన పొడవు, ఇంచుమించు గజముకంటె కొంత తక్కువ వెడల్పు. రెండు కొనలను కలిపి కుట్టగా సంచికి అడుగు తీసివేసినట్లుండును. అదియే లోంజీ.

ఈ బట్ట మనకు కొత్తది కాదు. చెన్నరాజధానిలోని సాలెవారు నేసిన గళ్ళ లుంగీలు ఓడలపై బర్మాకు, మలయాకు, సింహళమునకు ఎగుమతి యగుచుండెను. మలయాదేశమున మగవారు కట్టు గళ్ళబట్టకు ఈనాటికిని పెలికాటు బట్ట యని పేరు. ఆ పెలికాటు మన పులికాటే. మన పెద్దలు ప్రళయకావేరి యని పిలిచిన ఉప్పునీటి సరస్సు చెంత, 17వ శతాబ్దిలో డచ్చివారు కోట కట్టుకొని తూర్పుద్వీపములకు బట్టలు పంపిన రేవు అది. మన తీరపు సాలెవాడు తన యింట కట్టుకొనుటకు వెనుకాడిన బట్ట, సముద్రము దాటి పరదేశపు పెద్దమనిషికి దుస్తులయ్యెను. ఈ విచిత్రమును నేను పలుమాఱులు తలచుకొనుచుందును.

బట్ట వెంట మనుష్యులును పోయిరి. కాకినాడనుండి, విశాఖపట్టణమునుండి, భీమునిపట్టణమునుండి పొగయోడలు రంగమునకు నడచుచుండెను. మన శ్రీకాకుళము, విశాఖ, గోదావరి సీమలవారు అక్కడ బియ్యపు మరలలోను, ఓడరేవులోను, రిక్షాలాగుటలోను బ్రదికిరి. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరుమీదుగా వారికి కోరంగీలను పేరు వచ్చినది. అది గౌరవపు పిలుపు గాదు. వారిలో స్థిరపడినవారు క్రమముగా లోంజీ కట్టుట నేర్చిరి.

కట్టుట అనునది చూచినంత సులభము గాదు. నాకు నేర్చుటకు మూడు దినములు పట్టినది. మగవాడు లోంజీని తలమీదుగా తొడిగికొనును. ఆడవారు దానిలో అడుగుపెట్టి పైకి లాగుకొందురు. నడుముకంటె బట్ట చాల వెడల్పు. మిగిలిన వెడల్పును రెండు ప్రక్కలకు సమముగా లాగి, రెండు మడతలను బొడ్డుకడకు తెచ్చి, ఒక్క తిప్పు తిప్పి, ఒక కొనను లోనికి దోపవలెను. ముందు పిడికిలియంత ముడి యేర్పడును. పటకా లేదు, త్రాడు లేదు, గుండీ లేదు. దినములో పదిమాఱులు వదులగును. పదిమాఱులు విప్పి కట్టుకొందురు. నడివీధిలో మాటలాడుచునే విప్పి కట్టుకొనుటలో వారికి సంకోచము లేదు. డబ్బుసంచిని నడుము వెనుకవైపున దోపుకొందురు. నూతికడ తడిలోంజీతోనే స్నానము చేసి, పొడిదానిని పైనుండి తొడిగి, తడిదానిని క్రిందికి జాఱవిడిచెదరు. చెట్టెక్కవలసినను, బంతియాట ఆడవలసినను, ముందు చెఱగును కాళ్ళ నడుమనుండి వెనుకకు తీసి దోపుదురు. అప్పుడది మన గోచికట్టే. స్మృతికారులు కోరిన కచ్చ వారికిని తెలియును. పని పడినప్పుడే దానిని తీయుదురు.

పరదేశీయుడు చూచి, ఆడవారును మగవారును ఒకే బట్ట కట్టినారనుకొనును. ఇంతకంటె పొరపాటు లేదు. ఆడవారి బట్టకు తమేను అని వేఱు పేరు. దానికి నడుముకడ నల్లని పట్టీ యుండును. ముడి ముందుండదు, ప్రక్కకు మడచి దోపబడును. పూవులు, లతలు ఆడవారివి. గళ్ళు, చారలు, సాదా రంగులు మగవారివి. మగవానికి పుట్టుకతో ఒక విధమైన తేజస్సు వచ్చుననియు, ఆడవారి నడుముబట్ట క్రిందుగా నడచినచో అది తగ్గిపోవుననియు అక్కడివారి నమ్మకము. అందుచే ఆరవేసిన తమేనుల క్రిందినుండి మగవారు పోరు. 2021వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన సైన్యము ప్రభుత్వమును లాగికొన్నప్పుడు, ఊరేగింపులు జరుపు స్త్రీలు ఈ నమ్మకమునే ఆయుధముగా జేసికొనిరి. మార్చినెలలో వీధులకు అడ్డముగా త్రాళ్ళుకట్టి తమేనులను వ్రేలాడదీసిరి. సిపాయిలు వానిని దాటుటకు జంకి, త్రాళ్ళు విప్పుటకై ఆగవలసి వచ్చినది. చూడుడు! తామే ఇంటికడ లోంజీలు కట్టువారు, తుపాకులు చేతబట్టి, ఆడవారి లోంజీలకు వెనుకాడిరి. ఆ నమ్మకము మెచ్చదగినదని నేననను. చుట్టుబట్ట కట్టినంతమాత్రమున మగవారు ఆడవారగుదురని భయపడువారికి మాత్రము ఈ వృత్తాంతము వినిపింపదగినది. భేదమును నిలుపుకొనదలచిన జాతి దానిని ఒక్క నల్లని పట్టీలోనైనను నిలుపుకొనగలదు.

ఇక ముఖ్యమైన మాట. దొరల పాలనలో బర్మావారు మారలేదనుకొనరాదు. సిగలు తీసివేసి జుట్టు కత్తిరించుకొనిరి. చొక్కాలు తొడిగిరి. ఆంగ్లము చదివిరి. పంట్లాము తొడిగిన గుమాస్తాలును లేకపోలేదు. అయినను నడుము క్రింది భాగమువద్ద వారు మొండిపట్టు పట్టిరి. 1916 మొదలు 1919 వఱకు అక్కడ జరిగిన పెద్ద వాదము పాదరక్షలను గూర్చినది. దొరలు బూడిసులతో బౌద్ధాలయములలో తిరుగుచుండిరి. విద్యావంతులైన యువకులు సభలు చేసి, ఇది మా దేవస్థానమునకు అవమానమనిరి. తుదకు ప్రభుత్వము, ఆలయములోనికి చెప్పులతో రానిచ్చుటయు మానుటయు అచ్చటి భిక్షువుల యిష్టమని ఒప్పుకొన్నది. పాదరక్షలవిషయమున గెలిచినవారు బట్టవిషయమున వెనుకాడుదురా? 1920 డిసెంబరులో రంగూను విశ్వవిద్యాలయపు చట్టమును ఎదిరించి విద్యార్థులు చదువులు మానిరి. ఆ దినములనుండి చేతితో వడికి నేసిన గోధుమవన్నె ముతకబట్ట కోటును, పడమటి కొండలదాపున యో సీమలో నేసిన లోంజీయును స్వదేశాభిమానమునకు గుఱుతులయ్యెను. మనకు ఖద్దరు ఎట్టిదో వారికవి యట్టివి.

ఇంతవఱకు కథ ఇంపుగనే యున్నది. ఇందులో మనకు నొప్పి కలిగించు భాగమును దాచరాదు. 1930 మే నెలలో రంగూను రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంపునకై పని మానిరి. ఓడల కంపెనీలు బర్మావారిని పనిలో పెట్టుకొన్నవి. పిమ్మట తెలుగువారితో ఒడంబడిక కుదిరి, బర్మావారిని పొమ్మన్నవి. ఆ కోపము కంపెనీలమీదికి పోలేదు, మనవారిమీదికి మళ్ళినది. పట్టణమున ఘోరమైన కొట్లాట జరిగినది. ఆ నెలలోనే, “మా బర్మావారము” అను పేరుగల సంఘము పుట్టినది. యువకులు ఒకరినొకరు దొర యను బిరుదుతో పిలుచుకొనిరి. వారి కట్టు లోంజీ. వారిలోనుండి వచ్చినవారే 1948 జనవరి 4న స్వతంత్రమైన దేశమును ఏలిరి. మొదటి ప్రధానమంత్రి ఊ ను పరదేశపు సభలకును పట్టులోంజీతో, తలపాగతో పోయెను. పాఠశాలలలో ఆకుపచ్చని లోంజీయు తెల్లచొక్కాయు విద్యార్థుల దుస్తులయ్యెను. శాసనసభలో సభ్యులు లోంజీలతో కూర్చుండిరి. బట్టకు వచ్చిన ఈ గౌరవమును, కోరంగీలను చూచి పండ్లు కొఱికిన కోపమును ఒకే చెట్టున కాచిన కాయలు. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసినప్పుడు మనవారు వేలకొలది అడవులగుండ నడచి వచ్చిరి. 1962లో సైన్యము అధికారమునకు వచ్చి, వర్తకమును సర్కారు పఱచుకొన్న పిమ్మట, 1964 మొదలుకొని మిగిలినవారిలో పెక్కురు చేతిసంచులతో ఓడలెక్కిరి. మా బడికి వచ్చిన వృద్ధుడు వారిలో నొకడు. తన్ను పొమ్మన్న దేశపు బట్టను ఆయన పెట్టెలో మడచి తెచ్చుకొనెను. ఏలయని నేనొకనాడు అడిగితిని. “పొమ్మన్నది సర్కారండి, బట్ట గాదు గదా” అనెను.

ఇదియంతయు విని, ఏ జాతియైనను పట్టుదల యున్నచో తన పూర్వపు బట్టను నిలుపుకొనగలదని మీరనవచ్చును. అది అంత సులభము గాదని స్కాట్లండు ఉత్తరపు కొండలవారి వృత్తాంతము తెలుపుచున్నది. వారి మగవారును మోకాలివఱకు వచ్చు గళ్ళ ఉన్నిబట్టను మడతలు పెట్టి నడుమున కట్టెడివారు. దానిని కిల్టు అందురు. కొండలవారు రాజుపై తిరుగబడి ఓడిపోగా, 1746లో శాసనము పుట్టినది. సైన్యములో నున్నవారు తప్ప స్కాట్లండులో మగవారెవరును, బాలురును ఆ బట్ట కట్టరాదు. మొదటి తప్పునకు ఆఱు నెలల చెఱసాల. రెండవదానికి ఏడేండ్లు సముద్రము దాటించి పంపుట. 1782లో ఆ శాసనమును ఎత్తివేసిరి. ఈ ముప్పదియాఱేండ్లలో ఒక తరము పంట్లాముతో పెరిగి పెద్దదైనది. 1822లో నాలుగవ జార్జిరాజు ఎడింబరోకు వచ్చి, నవలాకారుడైన వాల్టరు స్కాటు పూనికచే తానే కిల్టు కట్టుకొని కొలువుదీరెను. అప్పుడు పెద్దలందఱును దానికై ఎగబడిరి. అయినను పొలములో దున్నువాడు మఱల దానిని కట్టలేదు. నేడది పెండ్లికి, వాద్యమేళమునకు, పటాలమునకు తగిన వేషము. తరము తెగినచోట పండుగబట్ట మిగులును గాని పనిబట్ట మిగులదు. బర్మాలో మాత్రము ముప్పదియడుగుల పసో పోయి రెండు గజముల లోంజీ వచ్చినను, తండ్రి కట్టుచుండగా కొడుకు కట్టెను. నడుమ ఒక్క యేడును ఖాళీ లేదు. పసో ఇప్పుడు నాటకరంగమునకు చేరినది. లోంజీ పొలములోను ఉన్నది, కచేరీలోను ఉన్నది. పట్టణపు యువకులు ఈ నడుమ పంట్లాములకు మరగుచున్నారు. సిపాయిలకును, రక్షకభటులకును పంట్లామే.

మన దేశమున లుంగీ ఇంటిపట్టుననే యేల నిలిచిపోయినది? మనకు సభాగౌరవమంతయు గోచిపంచెకు చెందియుండెను. అది వెనుకకు తగ్గినప్పుడు దాని పీటమీద పంట్లాము వచ్చి కూర్చున్నది. లుంగీకి ఆ పీటమీద ఎన్నడును చోటు దొరకలేదు. పొలమునుండి వచ్చిన రైతు సాయంకాలము కట్టునది, బండితోలువాడు కట్టునది, జబ్బుపడినవాడు కట్టునది. పెద్దమనుష్యులు దానితో అరుగు దిగరు. మన పొరుగువారి తీరు వేఱు. కేరళములో మంత్రులు ముండుతో శాసనసభకు పోవుదురు. త్రోవలో దానిని మోకాళ్ళకు ఎగగట్టి నడచినను, పెద్దలు ఎదురుపడగానే క్రిందికి జాఱవిడుతురు. అది వారి నమస్కారము. మన పల్లెలలోను లుంగీ యెగగట్టినవాడు తాతగారిని చూడగానే దించుకొనును గదా! మర్యాద తెలిసిన బట్టయే అది. తమిళదేశమున 2014లో వేష్టి కట్టిన న్యాయమూర్తి నొకరిని చెన్నపట్టణపు క్లబ్బులో ద్వారముకడ ఆపిరి. పెద్ద గగ్గోలు లేచినది. ఆ సంవత్సరమే వారి శాసనసభ, అట్లు ఆపుట నేరమని చట్టము చేసెను. ఆ వార్త చదివినప్పుడు నాకు మా బడివరండాయు, ఆ పురికొసయు కన్నులయెదుట నిలిచినవి. నా విషయమున ఏ శాసనసభయు కూడలేదు.

ఆ వృద్ధుడు నాకు ముడి వేయుట నేర్పిన దినము నాకు బాగుగ జ్ఞాపకమున్నది. తన పెట్టెనుండి నీలపు గళ్ళ నూలులోంజీ నొకటి తీసి నాకు తొడిగించెను. గోచి లేదని నా కాళ్ళు తడబడినవి. “వదులయితే భయపడకండి పంతులుగారూ, విప్పి మళ్ళీ కట్టుకోవడమే” అని నవ్వెను. ఆ మనుమడు గడపమీద కూర్చుండి చూచుచు, నేను కుడిచేతి మడతను ముందు వేయుటకు మాఱుగా ఎడమచేతిది వేసినప్పుడెల్ల “తప్పు సార్” అని దిద్దెను. ఆ లోంజీ ఇప్పటికిని నాయొద్దనే యున్నది. చాల పలుచబడినది. ఇంటికడ సాయంకాలములందు దానినే కట్టుచున్నాను. ముడి మాత్రము ఇప్పటికిని గంటకొకమాఱు వదులగుచునే యున్నది.